సముద్రం మీద హెలికాప్టర్: గాలితిత్తుల భరోసా ఎంత?

1995 జనవరి 19న స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి ఉత్తర సముద్రంలోని చమురు వేదికకు 18 మందితో బయల్దేరిన సూపర్ పూమా హెలికాప్టర్ మీద పిడుగు పడింది. దెబ్బ తోక రోటర్‌కు తగిలింది. కాసేపటికి అది ఊడిపోయింది కూడా. కింద ఆరేడు మీటర్ల ఎత్తున అలలు లేస్తున్నాయి, గాలి హోరుమంటోంది. పైలట్ ఆ నీళ్ల మీదే దింపాడు. అడుగున అమర్చిన గాలితిత్తులు ఉబ్బి హెలికాప్టర్‌ను నిటారుగా నిలబెట్టాయి. 18 మందీ తెప్పలోకి ఎక్కి బయటపడ్డారు. వాళ్లు వెళ్లిపోయాక కూడా అది గంటల తరబడి తేలుతూనే ఉంది.

2018 మార్చి 11 సాయంత్రం న్యూయార్క్ నడిబొడ్డున, ఈస్ట్ రివర్ మీద మరో హెలికాప్టర్ దిగింది. అక్కడ తుపాను లేదు, చుట్టూ నగరం దీపాలు. దీనికీ గాలితిత్తులు ఉన్నాయి, అవీ ఉబ్బాయి. అయినా హెలికాప్టర్ కుడి పక్కకు ఒరిగి తలకిందులైంది. పైలట్ ఒక్కడే బయటపడ్డాడు, ఐదుగురు ప్రయాణికులు మునిగిపోయారు.

రెండింటిలోనూ ఉన్నది ఒకే రకం రక్షణ. ఒకచోట అది 18 ప్రాణాలను నిలబెట్టింది, ఇంకోచోట ఒడ్డు కనిపించే దూరంలో ఐదుగురిని కాపాడలేకపోయింది. ముంబై హై నుంచి కృష్ణా-గోదావరి బేసిన్ దాకా వేలమంది చమురు ఉద్యోగులు డ్యూటీ మారినప్పుడల్లా హెలికాప్టర్ ఎక్కే మన దేశంలో ఈ తిత్తులు ఏం చేయగలవో, ఏం చేయలేవో లెక్క తేల్చుకోవడం అవసరం.

బరువంతా నెత్తి మీదే

విమానం నీళ్ల మీద దిగితే రెక్కలు కాసేపైనా దాన్ని పడవలా నిలుపుతాయి. హెలికాప్టర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇంజన్లు, గేర్‌బాక్సు, రోటర్ తల అన్నీ కప్పు మీద కూర్చుని ఉంటాయి. కోనసీమ కాలువలో తాటిదోనె మీద నిటారుగా నిలబడ్డ మనిషి ఎంత స్థిరంగా ఉంటాడో, నీళ్ల మీద హెలికాప్టర్ అంత స్థిరంగా ఉంటుంది. ఒక అల పక్కనుంచి కొడితే చాలు, బరువున్న వైపు కిందికీ చక్రాలున్న వైపు పైకీ వెళ్తాయి. లోపలున్న వాళ్లు ఒక్కసారిగా నీళ్లలో, చీకట్లో, బెల్టులకు తలకిందులుగా వేలాడతారు. నీళ్ల మీద జరిగిన హెలికాప్టర్ ప్రమాదాలను పరిశీలించిన వాళ్లు తరచూ చెప్పేది ఒకటే: దెబ్బ తట్టుకుని బతికిన చాలామంది ఆ తర్వాత బయటికి రాలేక మునిగి చనిపోతున్నారు.

అందుకే తిత్తుల పని రెండు రకాలు. ఒకటి తేల్చడం, రెండోది నిటారుగా ఉంచడం. తేల్చడం లెక్క తేలికే. ఉత్తర సముద్రంలో తిరిగిన తొలితరం సూపర్ పూమా బరువు పూర్తి లోడుతో సుమారు 8,600 కిలోలు. ఘనమీటరు సముద్రపు నీరు టన్నుకు కాస్త ఎక్కువ తూగుతుంది. అంటే తిత్తులూ నీటిలో మునిగిన క్యాబిన్ భాగమూ కలిసి ఎనిమిది ఘనమీటర్లకు పైగా నీటిని పక్కకు తోయాలి. కష్టమంతా రెండో పనిలోనే ఉంది. తిత్తులను ఎంత ఎడంగా, ఎంత ఎత్తున కట్టాలి, ఒక తిత్తి చిరిగితే మిగిలినవి మోయగలవా, ఒక పక్క ఉబ్బి రెండో పక్క ఉబ్బకపోతే ఏమవుతుంది అన్నవే అసలు చిక్కులు. ఈస్ట్ రివర్‌లో జరిగింది చివరిదే.

దుంగల నుంచి తిత్తుల దాకా

ఈ ఆలోచన హెలికాప్టర్ అంత పాతది. ఇగోర్ సికోర్‌స్కీ తన వీఎస్-300 యంత్రానికి గాలి నింపిన రబ్బరు ఫ్లోట్లు కట్టి 1941 ఏప్రిల్ 17న నీళ్ల మీద నుంచి లేపి, మళ్లీ నీళ్ల మీదే దింపాడు. తర్వాత బెల్-47 వంటి చిన్న హెలికాప్టర్లకు కాళ్ల స్థానంలో పొడవాటి ఫ్లోట్లను శాశ్వతంగా బిగించారు. వాటిని తెరవాల్సిన పని లేదు, మరిచిపోయే ప్రమాదమూ లేదు. కానీ ఆ బరువునూ గాలి నిరోధాన్నీ ప్రయాణం పొడవునా మోయాల్సిందే.

ఇంకో దారి హెలికాప్టర్ పొట్టనే పడవలా మలచడం. సీ కింగ్ కుటుంబం అలా పుట్టింది. ఆ కుటుంబానికి చెందిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లను భారత నౌకాదళం విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ డేగా నుంచి నడిపింది, 2024 జూన్‌లో సేవల నుంచి తప్పించింది. వాటిలో ఒకదాన్ని నగరంలో ప్రదర్శన కోసం కేటాయించారు. పడవ ఆకారపు అడుగు, రెండు పక్కలా చేతుల్లా పొడుచుకొచ్చిన తేలుడు భాగాలు ఎందుకున్నాయో దాన్ని దగ్గర నుంచి చూస్తే అర్థమవుతుంది. అయితే పడవ పొట్ట ఉన్నా నెత్తి మీద బరువు నెత్తి మీదే ఉంటుంది. అల పెద్దదైతే అదీ బోర్లా పడుతుంది.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి మడిచి పెట్టిన తిత్తులు. కాళ్ల వెంబడి గానీ, క్యాబిన్ పక్కల గానీ గట్టి తొడుగుల్లో ఒదిగి ఉంటాయి. దగ్గరలో అధిక పీడనంతో హీలియం గానీ నైట్రోజన్ గానీ నింపిన సిలిండర్ ఉంటుంది. పైలట్ మీట నొక్కగానే వాల్వు తెరుచుకుని గ్యాస్ గొట్టాల గుండా ఒక్కసారిగా దూసుకెళ్తుంది. తొడుగులు తెగి, పసుపో నారింజో రంగు గుడ్డ బయటికి పొంగుతుంది. రాబిన్సన్ ఆర్-44 వంటి చిన్న యంత్రంలో ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఒక్కో తిత్తిలో వేరువేరు అరలుంటాయి, ఒకటి చిరిగినా మిగిలినవి గాలిని పట్టి ఉంచడానికి.

నొక్కాల్సింది ఎవరు?

సెకన్లలో ఉబ్బే తిత్తికి అదే సుగుణం, అదే ప్రమాదం. పూర్తి వేగంతో వెళ్తున్నప్పుడు అది పొరపాటున తెరుచుకుంటే హెలికాప్టర్ అదుపు తప్పవచ్చు, తిత్తులే చిరిగిపోవచ్చు. అందుకే ఈ వ్యవస్థకు రెండు మెట్లు పెట్టారు. ముందు దాన్ని సిద్ధస్థితిలో పెట్టాలి, తర్వాత ప్రయోగించాలి. చాలా హెలికాప్టర్లలో ఒక వేగం దాటితే సిద్ధస్థితి స్విచ్చిని ఆపి ఉంచాలని నిబంధన. వేగం తగ్గాక పైలట్ గుర్తుపెట్టుకుని మళ్లీ వేయాలి.

అదే లోపం. ఇంజన్ ఆగి, హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, నీళ్లు మీదికి వస్తుంటే గుర్తుపెట్టుకోవాల్సిన పనుల్లో ఇది ఇంకొకటి. అందుకే పరిశ్రమ నీరు తగలగానే స్పందించే సెన్సర్ల వైపు మళ్లింది. చేయి కదలకపోయినా తిత్తులు తెరుచుకుంటాయి, అయితే వ్యవస్థ సిద్ధస్థితిలో ఉంటేనే. అమెరికాలో విహారయాత్ర హెలికాప్టర్ల నియమాలు ఇక్కడ స్పష్టంగా ఉన్నాయి. ఒడ్డు దాటి నీళ్ల మీదికి వెళ్లే ఒంటి ఇంజన్ హెలికాప్టర్‌కు ఫ్లోట్లు తప్పనిసరి. మీట పైలట్ చేతిలోని ప్రధాన కంట్రోల్ మీదే ఉండాలి. అనుమతించిన వేగంలో నీటి మీద ఉన్నంతసేపూ వ్యవస్థ సిద్ధంగా ఉండాలి.

ఈస్ట్ రివర్ హెలికాప్టర్‌కు మీట ఉంది, పైలట్ దాన్ని లాగాడు. కానీ గ్యాస్ రెండు పక్కలకూ సమానంగా చేరలేదు. ఒక పక్క నిండుగా, ఇంకో పక్క వెలితిగా ఉబ్బిన తిత్తులు హెలికాప్టర్‌ను నిలబెట్టడానికి బదులు ఒరగడానికి తోడయ్యాయి. ఇంతకీ ఇంజన్ ఎందుకు ఆగింది? తలుపులు తీసేసి ఫొటోలు తీసుకునే విహారం అది. ప్రయాణికులు కింద పడకుండా వీపు వెనక తాడు కట్టారు. ముందు సీట్లో ఉన్న ప్రయాణికుడి తాడు నేల మీదున్న ఇంధనం ఆపే మీటకు చిక్కుకుని దాన్ని లాగేసింది. ఆ తాళ్లే నీళ్లలో ఉచ్చులయ్యాయి. ముందు వైపు బెల్టు విప్పుకోవడం తెలిసిన వాళ్లకు వీపు మీది కొక్కెం అందలేదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తప్పు ప్రధానంగా ఆ తాళ్ల ఏర్పాటుదేనని తేల్చింది, తిత్తులు అరకొరగా ఉబ్బడాన్నీ లెక్కలోకి తీసుకుంది.

నిలబెట్టిన సందర్భాలు

తిత్తులు తమ పని తాము చేసిన ఉదాహరణలకూ కొదవ లేదు. 2009 ఫిబ్రవరిలో రాత్రి పూట, సరిగా కనిపించని వాతావరణంలో, ఉత్తర సముద్రంలో ఒక వేదికకు చేరువలో ఈసీ-225 హెలికాప్టర్ నీళ్లను తాకింది. అది నిటారుగా తేలింది, 18 మందీ బతికారు.

2012లో ఇంకా విశేషమైన జంట ఘటనలు. మేలో అబర్డీన్‌కు తూర్పున 14 మందితో, అక్టోబరులో షెట్‌లండ్ దీవుల దగ్గర 19 మందితో ఒకే రకం ఈసీ-225లు సముద్రం మీద దిగాయి. రెండింటిలోనూ గేర్‌బాక్సులోని ఒక షాఫ్టుకు పగులు వచ్చి, నూనెను తిప్పే పంపులు ఆగిపోయాయి. అత్యవసర లూబ్రికేషన్ వేస్తే, అదీ పని చేయడం లేదని హెచ్చరిక దీపం వెలిగింది. ఇక గాల్లో ఉండటం ప్రమాదమనుకుని పైలట్లు నీళ్ల మీద దింపేశారు. ఆ దీపం చెప్పింది తప్పని, అత్యవసర వ్యవస్థ పని చేస్తూనే ఉందని తర్వాత దర్యాప్తులో తేలింది. యంత్రం అబద్ధం చెప్పినా 33 మందిలో ఒక్కరికీ ప్రాణాపాయం జరగలేదు. నియంత్రణలో ఉన్న హెలికాప్టర్ మెల్లగా దిగితే, నీరు మరీ అల్లకల్లోలంగా లేకపోతే, తిత్తులు నమ్మదగినవే అనడానికి ఇవి సాక్ష్యం.

నీటిని ఢీకొన్నప్పుడు

మరి నియంత్రణ లేకపోతే? 2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్‌లండ్ తీరానికి దూరంగా కూగర్ సంస్థ ఎస్-92 హెలికాప్టర్ కూలింది. గేర్‌బాక్సు ఆయిల్ ఫిల్టర్‌ను పట్టి ఉంచే టైటానియం స్టడ్లు విరిగి నూనె కారిపోయింది. నీళ్ల మీద దించబోయారు గానీ, దెబ్బ బలంగా తగిలింది. తిత్తులు తెరుచుకోలేదు. హెలికాప్టర్ వేగంగా మునిగిపోయింది. 18 మందిలో ఒక్కరే బతికారు.

2013 ఆగస్టు 23న షెట్‌లండ్‌లోని సంబరో విమానాశ్రయానికి దిగుతున్న సూపర్ పూమా ఎల్-2 వేగం పడిపోయి సముద్రాన్ని తాకింది, వెంటనే తలకిందులైంది. తిత్తులు తెరుచుకున్నాయి, దాన్ని మునగనివ్వలేదు. కానీ తేలింది బోర్లా. 18 మందిలో నలుగురు చనిపోయారు. దర్యాప్తులో ఒక చిన్న విషయం బయటపడింది. ప్రయాణికులు వేసుకున్న జాకెట్లలో నీటి అడుగున ఊపిరి తీసుకునే పరికరం ఉంది, దానిలోనే కొంత గాలి నింపి ఉంటుంది. ప్రయాణానికి ముందు చూపించే వీడియో ఆ సంగతి సరిగా చెప్పలేదు. తమ ఊపిరినే అందులోకి ఊది వాడుకోవాలేమో అనుకున్నవాళ్లకు ఆ పరికరం ఉండీ లేనట్టే అయింది.

2024 ఫిబ్రవరిలో నార్వే తీరంలో శిక్షణలో ఉన్న ఎస్-92 నీళ్లలో పడింది. తిత్తులు తెరుచుకోలేదు, హెలికాప్టర్ మునిగింది. ఆరుగురిలో ఒకరు మరణించారు. కూగర్ ప్రమాదం జరిగి దాదాపు పదిహేనేళ్లయినా తిత్తి తెరుచుకోవడమనే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన ఘటన ఇది.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం కనిపిస్తుంది. దశాబ్దాలుగా హెలికాప్టర్లకు ధ్రువీకరణ ఇచ్చింది పైలట్ అదుపులో ఉండి, మెల్లగా నీళ్ల మీద దించే సందర్భాన్ని ఊహించుకుని. ఎక్కువ ప్రాణాలు పోతున్నదేమో అదుపు తప్పి నీటిని ఢీకొన్నప్పుడు. పరీక్ష ఒక ప్రమాదానికి, చావులు ఇంకో ప్రమాదంలో.

అలల లెక్క, భుజాల కొలత

ధ్రువీకరణలో అలకు కొలమానం 'సీ స్టేట్'. నాలుగో స్థాయి అంటే అలల ఎత్తు 1.25 నుంచి 2.5 మీటర్లు, ఐదులో 2.5 నుంచి 4, ఆరులో 4 నుంచి 6 మీటర్లు. నాలుగో స్థాయికి అర్హత పొందిన తిత్తులు ఆరో స్థాయి సముద్రంలో నిలబెడతాయని ఎవరూ హామీ ఇవ్వరు. అయినా ఎన్నో ఏళ్లు హెలికాప్టర్లు తమ అర్హతకు మించిన అలల మీదుగా ఎగిరాయి, ఎగరడానికి అడ్డు చెప్పే నియమం లేదు గనక.

సంబరో ప్రమాదం తర్వాత బ్రిటన్ పౌర విమానయాన సంస్థ మొత్తం వ్యవహారాన్ని తిరగేసి 2014 ఫిబ్రవరిలో సమగ్ర సమీక్ష ప్రచురించింది. దాని ఫలితంగా వచ్చిన మార్పులు గట్టివి. ఆరో స్థాయి దాటిన సముద్రం మీద ప్రయాణాలు ఆపేశారు. దారిలో ఉన్న అలలు హెలికాప్టర్ అర్హతను మించితే ఎగరకూడదన్నారు. నీటి అడుగున వెంటనే వాడగల మెరుగైన ఊపిరి పరికరం లేకపోతే, తోస్తే ఊడే కిటికీ పక్క సీట్లలోనే కూర్చోబెట్టాలన్నారు. 2015 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల భుజాల వెడల్పు కూడా కొలుస్తున్నారు. 22 అంగుళాలు, అంటే దాదాపు 56 సెంటీమీటర్లు దాటిన వాళ్లకు ప్రత్యేక గుర్తు ఇచ్చి, పెద్ద కిటికీల పక్కనే సీటు ఇస్తారు. బోర్లా పడ్డ క్యాబిన్‌లో కిటికీలోంచి మనిషి పట్టకపోతే తిత్తి ఉబ్బి లాభం లేదన్నది ఆ కొలత వెనకున్న ఆలోచన.

ఊపిరి లెక్క కూడా అలాంటిదే. చన్నీళ్లలో హఠాత్తుగా మునిగిన మనిషి పది ఇరవై సెకన్లకు మించి ఊపిరి బిగపట్టడం కష్టం. తలకిందులైన హెలికాప్టర్ నుంచి బయటికి రావడానికి నిమిషం దాకా పట్టవచ్చు. ఆ తేడాను పూడ్చడానికే ఊపిరి పరికరాలు. కెనడా కూగర్ ప్రమాదం జరిగిన ఏడాదే వాటిని ప్రవేశపెట్టింది.

తిత్తులనే మార్చే ప్రతిపాదన ఇంకొకటి ఉంది. హెలికాప్టర్ ఎలాగూ తిరగబడుతుందనుకుంటే, పూర్తిగా బోర్లా పడకుండా పక్కకు ఒరిగి ఆగేలా చేయవచ్చు కదా? క్యాబిన్ పైభాగంలో అదనపు తిత్తులు అమరిస్తే ఒక వరస కిటికీలు నీటికి పైనే ఉంటాయి, లోపల కొంత గాలి మిగులుతుంది. బ్రిటన్‌లో నమూనాలను అలల ట్యాంకుల్లో పెట్టి దీన్ని పరీక్షించారు. అడ్డంకులూ ఉన్నాయి: అదనపు బరువు, ఖర్చు, గాల్లో పొరపాటున తెరుచుకుంటే రోటర్‌కు దగ్గరగా ఉండే ముప్పు. పరిశ్రమ ఊపిరి పరికరాల వైపే మొగ్గింది. ఐరోపా భద్రతా సంస్థ మాత్రం 2018లో ధ్రువీకరణ నియమాలను తిరగరాసి, అసలు సముద్రంలో ఉండే క్రమం తప్పిన అలల్లో బోర్లా పడే అవకాశం ఎంతో తేల్చాలని కొత్త నమూనాలకు షరతు పెట్టింది.

మన తీరంలో

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం సముద్ర వేదికలకు తిరిగే హెలికాప్టర్లకు శాశ్వత ఫ్లోట్లో, వేగంగా తెరుచుకునే తిత్తులో ఉండి తీరాలి. భారత్ కూడా ఆ ఒప్పందంలో ఉన్న దేశమే. రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి బంగాళాఖాతంలోని ఓఎన్‌జీసీ రిగ్గులకు హెలికాప్టర్లు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి.

పశ్చిమ తీరం చరిత్ర చేదు. 2003 ఆగస్టు 11న ముంబై తీరంలో ఎంఐ-172 కూలి 27 మంది చనిపోయారు. 2018 జనవరి 13న డాఫిన్ హెలికాప్టర్ కూలి అందులోని ఏడుగురూ పోయారు. 2022 జూన్ 28న ఎస్-76డి హెలికాప్టర్ సాగర్ కిరణ్ రిగ్గుకు కిలోమీటరున్నర దూరంలో నీళ్లలో దిగింది. తేలడానికి ఫ్లోట్లు ఉన్నాయి, సాయం కనుచూపు మేరలోనే ఉంది, రిగ్గు పడవ వెళ్లింది, మాలవీయ-16 ఓడ వెళ్లింది. తొమ్మిది మందిలో ఐదుగురినే కాపాడగలిగారు. 2024 సెప్టెంబరులో పోర్‌బందర్ దగ్గర తీర రక్షక దళం ధ్రువ్ హెలికాప్టర్ సముద్రంలో దిగినప్పుడు నలుగురిలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

మన నీళ్లు ఉత్తర సముద్రంలా గడ్డకట్టించవు, అది కొంత ఊరట. కానీ తలకిందులైన క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చే నీరు వెచ్చగా ఉన్నా మనిషిని దిక్కు తెలియకుండానే చేస్తుంది. రుతుపవనాల నెలల్లో రెండు తీరాల్లోనూ అలలు పెరుగుతాయి, రిగ్గుల మీద డ్యూటీలు మాత్రం ఆగవు.

ఇన్ని ఘటనలు తిరగేశాక తేలేది ఇది. గాలితిత్తి ప్రాణాన్ని కాపాడదు, కాపాడుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తుంది. అవైనా దక్కాలంటే అది పైలట్ జ్ఞాపకం మీద ఆధారపడకుండా తెరుచుకోవాలి, రెండు పక్కలా సమానంగా ఉబ్బాలి, ఆ రోజు అలలకు సరిపోవాలి. ఆ నిమిషాలను వాడుకోవాలంటే ప్రతి ప్రయాణికుడికీ అందే కిటికీ, వాడటం తెలిసిన ఊపిరి పరికరం, కొలనులో తలకిందులయ్యే శిక్షణ ఉండాలి. ఆ శిక్షణలో నేర్పేవి నాలుగే మాటలు: ఒక చెయ్యి కిటికీ అంచు మీద ఉంచాలి, కుదుపు ఆగేదాకా కదలకూడదు, అంచు వదలకుండానే బెల్టు విప్పాలి, లైఫ్ జాకెట్‌ను బయటికి వచ్చాకే ఉబ్బించాలి. లోపలే ఉబ్బించుకుంటే అది మనిషిని బోర్లా పడి పైకి వచ్చిన క్యాబిన్ నేలకేసి తేల్చి కిటికీకి దూరం చేస్తుంది.

రిగ్గులకు మనుషులను పంపే సంస్థలు, వాళ్లకు అనుమతులిచ్చే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ చేయాల్సింది కొత్తగా కనిపెట్టడం కాదు. తమ హెలికాప్టర్ల తిత్తులు ఏ స్థాయి అలల వరకు పరీక్షకు నిలిచాయో ప్రయాణికులకు ముందే చెప్పాలి, ఆ స్థాయి దాటిన రోజు ప్రయాణం ఆపాలి. బ్రిటన్ 2014లోనే చేసి చూపించిన పని ఇది.